టు-లెట్: వైరస్‌లకు మాత్రమే

విజయవాడలో పెళ్లికాని కుర్రాడికి ఇల్లు అద్దెకు దొరకడం ఎంత కష్టమో చెప్పులరగదీసినవాళ్లకే తెలుసు. వాడే వైరస్‌గా పుట్టుంటే ఈపాటికి నడిహాల్లో మకాం పెట్టి ఉండేవాడు, అడ్వాన్సు కూడా అక్కర్లేకుండా.

మా మావయ్యనే తీసుకోండి. సత్యనారాయణపురంలో రెండు పోర్షన్లు అద్దెకిస్తారు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి గంటసేపు విచారణ: ఏ ఊరు, ఏం ఉద్యోగం, నాన్‌వెజ్ వండుతారా, చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు, గోడలకి మేకులు కొడతారా. ఆధార్ జిరాక్సు చేతిలో పడ్డాకే తాళం. అదే హాల్లో ఓ మూల కంప్యూటర్ ఉంది. దాంట్లోకి ముక్కూ మొహం తెలియని ప్రోగ్రామ్ వచ్చి 'మార్పులు చేసుకోవచ్చా?' అని అడిగితే (అడుగుతుందండీ పాపం, దొంగకున్న మర్యాద అది) ఈయన పేరైనా చదవకుండా ఎస్ నొక్కేస్తారు. ఆపైన నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్.

కాబట్టి వైరస్‌ని తిట్టడం నాకు ధర్మంగా తోచదు. వీధి తలుపులోంచి, యజమాని అనుమతితో వచ్చినవాణ్ణి దొంగ అంటే ఎలా? మావయ్య ఎక్కించుకున్న క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ అన్నమాట) పాటు ఓ కాగితం లాంటి ఫైల్ వచ్చింది. అందులో మొదటి సూచనే 'ముందు యాంటీవైరస్ ఆపేయండి' అని. అంటే 'రాత్రికి వస్తున్నాను, కుక్కని కట్టేయండి' అని ఉత్తరం రాసి మరీ వచ్చాడన్నమాట. ఈయన శ్రద్ధగా కట్టేశారు.

పాతకాలపు వైరస్‌లైతే ఇంకా పద్ధతిగా ఉండేవి. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్‌లో వాళ్ల పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు కూడా ఉండేవి. అలాంటి అద్దెదారులు ఇప్పుడెక్కడ దొరుకుతారు!

సరే, ఓ ఆదివారం ఫోనొచ్చింది. "ఏరా, నీకు కంప్యూటర్లు తెలుసుగా, ఓసారి రా." వెళ్లి చూస్తే లోపలి ఫ్యాన్ పిండిమరలా తిరుగుతోంది. కుడివైపు కింద ఎర్ర డబ్బా నిమిషానికోసారి లేచి 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అంటోంది. మావయ్యకి ఆ డబ్బా మీద ఎంతో గౌరవం. "పాపం వాడెవడో నెల రోజుల్నుంచి చెబుతూనే ఉన్నాడురా, మనమే పట్టించుకోలేదు." ఏదో సైట్ చూస్తూ ఎప్పుడో అలౌ నొక్కారు, ఆ నోటిఫికేషన్ అది. బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అనుమతి తీసేస్తే హితైషి మాయం. అసలువాడు మాత్రం లోపలే ఉన్నాడు.

అద్దె ఎగ్గొట్టినవాణ్ణి ఖాళీ చేయించడానికి మావయ్య ముందు నీళ్లు, కరెంటు ఆపుతారు. ఇక్కడా అంతే. ముందు ఇంటర్నెట్ కేబుల్ పీకాను, లోపలివాడికి బయటి యజమానితో మాటలు తెగాలి. తర్వాత విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, దాక్కోవడం తెలిసినవాడు కూడా నిద్రలోనే దొరుకుతాడు. పావుగంట పట్టింది. బ్రౌజర్‌లో ఎవరూ పిలవని ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) నాలుగున్నాయి, పీకేశాను. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మాత్రం నా ఫోన్‌లోంచే మార్పించాను. ఆ కంప్యూటర్‌లోనే మారిస్తే, తాళం మార్చి కొత్త తాళంచెవి పాత దొంగ చేతికే ఇచ్చినట్టు.

"ఇదంతా ఎందుకురా, పోయినేడు ఒకతను వచ్చి ఫార్మాట్ కొట్టాడుగా?" అన్నారు మావయ్య. కొట్టాడు. ఐదొందలు తీసుకుని, మనవరాలి పుట్టినరోజు ఫొటోలతో సహా అంతా తుడిచేసి, తన కీచైన్ పెన్‌డ్రైవ్ లోంచి అదే క్రాక్‌ని మళ్లీ ఎక్కించి వెళ్లాడు. ఖాళీ చేయించినవాడే పాత అద్దెదారుని మళ్లీ దించి బ్రోకరేజీ పుచ్చుకోవడం అంటే ఇదే.

కాపలా సంగతికొస్తే మావయ్యది రెండు యాంటీవైరస్‌ల పాలసీ. ఇద్దరు వాచ్‌మన్లను పెడితే ఒకణ్ణొకడు దొంగనుకుని రాత్రంతా కొట్టుకున్నారు, అసలు దొంగకి దారిచ్చారు. ఒకణ్ణి పంపించేశాను. అప్‌డేట్ అడిగినప్పుడల్లా 'తర్వాత' నొక్కే అలవాటు మానండి అంటే నవ్వారు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఓ కన్నం పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది. 'తర్వాత' అన్నవాళ్ల ఇళ్లల్లోకి మే 12న వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రామ్ దూరి, ఫైళ్లకు తాళం వేసి మూడొందల డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. రెండు నెలలు టైమిచ్చిన దొంగ అన్నమాట. ఫొటోలు వేరే హార్డ్‌డిస్క్‌లో పెట్టించాను, కాపీ అవగానే ఊడపీకి బీరువాలో దాచమన్నాను. తగిలించే ఉంచితే దానికీ కలిపి తాళం వేస్తారు.

చివరగా మావయ్యకి అడ్మిన్ హోదా తీసేసి, మామూలు యూజర్ అకౌంట్ ఇచ్చాను. కొత్తవి చాలావరకు ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, అది అత్తయ్య దగ్గరుంది. "సొంతింట్లో నన్నే అద్దెకుంచావురా" అని రెండ్రోజులు మాట్లాడలేదు.

మూడోరోజు ఫోన్. "ఏరా, వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది, చివర ఏపీకే అని ఉంది. నొక్కనా?" (ఏపీకే అంటే శుభలేఖ కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్.)

"పెళ్లి ఎవరిది మావయ్యా?"

"ఎవరిదైతే ఏంరా, పిలిచారుగా."