రాత్రి బస్సు: లోపలి సుఖం, బయటి నిర్లక్ష్యం

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు సుమారు 570 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, కర్నూలు, అనంతపురం దాటుకుంటూ తొమ్మిది పది గంటల్లో చేరుస్తామని ట్రావెల్స్ వాళ్లు చెబుతారు. అది తప్పుడు లెక్కేమీ కాదు గాని, ఒక ఊరి పొలిమేర నుంచి మరో ఊరి పొలిమేర వరకు వేసిన లెక్క. మియాపూర్‌లో ఎక్కినవారికి కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్, మెహిదీపట్నం అన్నీ చూశాక గాని శంషాబాద్ రాదు. తెల్లవారి హెబ్బాళ దగ్గర మొదలయ్యే బెంగళూరు ట్రాఫిక్ మడివాళ చేరేలోపు మరో గంటన్నర తినేస్తుంది. అయినా ప్రతి రాత్రీ వందలాది బస్సులు ఈ దారిలో నిండుగానే నడుస్తున్నాయి. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య 2023 సెప్టెంబరులో వందే భారత్ రైలు మొదలైనా ఈ గిరాకీ తగ్గలేదు.

కారణం తెలియనిది కాదు. రైలు ఒక స్టేషన్లో ఎక్కించుకుని మరో స్టేషన్లో దించుతుంది. బస్సు మాత్రం గచ్చిబౌలిలో ఆఫీసు వదిలిన మనిషిని ఆ పక్క వీధిలోనే ఎక్కించుకుని, తెల్లారేసరికి మారతహళ్లిలో అతని గది దగ్గరే దించుతుంది. పగలు సెలవు పెట్టనక్కరలేదు, హోటల్ గది తీసుకోనక్కరలేదు, వెయిటింగ్ లిస్టు కదులుతుందా లేదా అని చూస్తూ కూర్చోనక్కరలేదు. బయల్దేరాలని సాయంత్రం ఆరింటికి అనుకున్నవారికి కూడా తొమ్మిదింటి బస్సులో సీటు దొరుకుతుంది. ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఆఖరి నిమిషంలో ఊరెళ్లవలసి రావడమంటే ఏమిటో ఎరగనివారై ఉండాలి.

గత పాతికేళ్లలో బస్సు లోపలి భాగం మారినంతగా మన ప్రయాణాల్లో మరేదీ మారలేదేమో. 2001లో వోల్వో బస్సులు దేశంలోకి వచ్చాక ఇంజిన్ వెనక్కి పోయింది, ఎయిర్ సస్పెన్షన్‌తో గతుకులు తెలియకుండా పోయాయి, ఏసీ మామూలైంది. దీపావళికి ఊరెళ్లడానికి టికెట్ దొరకక ఇబ్బంది పడ్డ తెలుగువాడు ఫణీంద్ర సామ, మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టాక, కౌంటర్ల చుట్టూ తిరిగే పని పోయి సీటు నంబరు మన ఫోన్లోకి వచ్చింది. ఆ తర్వాత స్లీపర్ వచ్చింది, పరుపు, దుప్పటి, చార్జింగ్ పాయింట్, తెర అన్నీ వచ్చాయి. ఆర్టీసీలు కూడా గరుడ, అమరావతి, రాజధాని, వెన్నెల, లహరి అని పేర్లు పెట్టి ఈ పోటీలో దిగక తప్పలేదు.

ఈ డబ్బూ ఈ తెలివీ అంతా బస్సు లోపలే ఖర్చయింది. బస్సు ఎక్కేచోటు, ఆగేచోటు, డ్రైవర్ పడుకునేచోటు, ప్రమాదం జరిగితే బయటపడే దారి, ఇవన్నీ దాదాపు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్ని వెనక్కి కూడా వెళ్లాయి. దూరప్రాంత బస్సు ప్రయాణం ఎలా ఉంటుందన్నది పరుపు మెత్తదనం మీద కంటే ఈ బయటి విషయాల మీదనే ఎక్కువ ఆధారపడి ఉందని, వాటి బాధ్యత ఎవరిదో తేలకుండా ఎంత ఖరీదైన బస్సు తెచ్చినా అసలు లోటు తీరదని నా అభిప్రాయం.

ఎక్కడమే చూడండి. ఆర్టీసీ బస్సుకు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఉంది, విజయవాడలో పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ ఉంది. వాటిలో శుభ్రత మీద ఎన్ని ఫిర్యాదులున్నా నెత్తిన కప్పు, కూర్చునే బెంచీ, విచారణ కౌంటర్, పోలీసు ఔట్‌పోస్టు ఉంటాయి. ప్రైవేటు బస్సుకు ఉన్నది బోర్డింగ్ పాయింట్. అంటే ఒక మెట్రో పిల్లరో, పెట్రోల్ బంకో, మూసేసిన మిఠాయి దుకాణం ముందరి మెట్లో. లగేజీ కాళ్ల దగ్గర పెట్టుకుని, చిన్నపిల్లల్ని పట్టుకుని, వచ్చిన ప్రతి బస్సు నంబరు ప్లేటు చూస్తూ, క్లీనర్‌కు ఫోన్ చేస్తే 'ఐదు నిమిషాల్లో ఉంటాం సార్' అనే మాట అరగంటలో నాలుగుసార్లు వింటూ నిలబడాలి. టికెట్‌కు వెయ్యిన్నర ఇచ్చిన ప్రయాణికుడికి వాన పడితే తలదాచుకునే చోటు చూపించవలసిన బాధ్యత ఈ దేశంలో ఏ సంస్థకూ లేదు.

ఆగడం ఇంకా పెద్ద సంగతి. మన దూరప్రాంత బస్సుల్లో చాలావాటిలో మరుగుదొడ్డి ఉండదు. కాబట్టి తొమ్మిది పది గంటల ప్రయాణంలో మనిషి శరీరం ఎప్పుడు ఏం అడగాలో డ్రైవర్, హోటల్ యజమాని కలిసి నిర్ణయిస్తారు. బస్సు ఏ హోటల్ దగ్గర ఆగుతుందన్నది అక్కడి శుభ్రతను బట్టి కాక, సిబ్బందికి ఉచితంగా అందే భోజనాన్ని, ఆపైన ముట్టేదాన్ని బట్టి తేలుతుందని ఈ దారుల్లో తిరిగేవారందరికీ తెలుసు. మగవాళ్లు హోటల్ వెనక చీకట్లోకి నడుస్తారు. ఆడవాళ్లు ఒకే ఒక్క తలుపు ముందు వరుసలో నిలబడి, లోపల నీళ్లు లేవని ముందు వెళ్లినవారు చెబితే వెనుదిరిగి వస్తారు. రాత్రి బస్సు ఎక్కవలసిన రోజున సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసే స్త్రీలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. బాలింతలు, మధుమేహం ఉన్నవారు, మోకాళ్ల నొప్పులతో పై బెర్తు ఎక్కలేని పెద్దవాళ్లు తమ ఇబ్బంది తమ దగ్గరే ఉంచుకుంటారు. బస్సు ఆపమని క్లీనర్‌ను అడగడానికి మొహమాటపడి తెల్లవార్లూ బిగబట్టుకున్నవారి అనుభవం ఏ యాప్ రేటింగులోనూ కనిపించదు.

టోల్ ప్లాజాల దగ్గర మరుగుదొడ్లున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర బస్సులు ఇదివరకు ఎలాగూ వరుసలో ఆగేవి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆ ఆగడం కూడా పోయింది. సమయం మిగిలినందుకు సంతోషమే. రహదారి పక్కన విశ్రాంతి కేంద్రాలు కడతామని జాతీయ రహదారుల సంస్థ చెబుతూనే ఉంది. అయితే విశ్రాంతి కేంద్రం కట్టినంత మాత్రాన బస్సు అక్కడ ఆగదు, ఆగాలనే నిబంధన పర్మిట్‌లో ఉంటేనే ఆగుతుంది.

పర్మిట్ దగ్గరే అసలు చిక్కు ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రయాణికుల బస్సులను ప్రధానంగా రెండు రకాలుగా చూస్తుంది. దారిలో ఎక్కేవారిని ఎక్కించుకుంటూ, దిగేవారిని దించుతూ, ఎవరి టికెట్ వారికి ఇచ్చేది స్టేజ్ క్యారేజ్. అలా నడిచేది ఆర్టీసీ బస్సు. ఒక బృందం మొత్తంగా మాట్లాడుకుని ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లేది కాంట్రాక్ట్ క్యారేజ్. అది పెళ్లి బస్సు, యాత్ర బస్సు అన్నమాట. రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో, సీటుకింత అని అమ్ముకుంటూ, పది చోట్ల ఎక్కించుకుంటూ తిరిగే ట్రావెల్స్ బస్సు చట్టం దృష్టిలో మాత్రం రెండో కోవకు చెందుతుంది. అంటే ఒకరినొకరు ఎరగని ముప్పై ఆరుగురం ప్రతి రాత్రీ కాగితం మీద ఒకే పెళ్లివారం. అందరికీ తెలిసిన ఈ నటనను ప్రభుత్వాలు ఆపలేవు, ఆపితే ప్రయాణికులే రోడ్డున పడతారు. ఒప్పుకోనూ లేవు, ఒప్పుకుంటే బస్టాండు, సమయపట్టిక, చార్జీ అన్నింటికీ నియమాలు పెట్టవలసి వస్తుంది. 2021లో, మళ్లీ 2023లో కేంద్రం తెచ్చిన టూరిస్టు వాహనాల నిబంధనలతో దేశమంతా తిరిగే పర్మిట్ ఆన్‌లైన్లో సులభంగా దొరకసాగింది గాని, ఈ చిక్కు విడిపోలేదు. పన్ను తక్కువనో తనిఖీ తేలికనో ఎక్కడో దూరాన రిజిస్టరు చేయించిన బస్సులు తెలుగు రాష్ట్రాల మధ్య తిరగడం వింతగా తోచని స్థితికి వచ్చాం.

దీని ఫలితం రెండుసార్లు ఈ ఒక్క దారిలోనే చూశాం. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఏసీ బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకోగా 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు శివార్లలోని చిన్నటేకూరు దగ్గర, ముందే జరిగిన ప్రమాదంలో రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్‌ను మరో బస్సు ఈడ్చుకుపోవడంతో నిప్పంటుకుని 19 మంది ప్రయాణికులు బలయ్యారు. ఆ బస్సు నంబరు ప్లేటు డామన్ డయ్యూది. లగేజీ అరలో సెల్‌ఫోన్ల పార్సిల్ ఉన్నట్టు వార్తలు వచ్చాయి. రెండుసార్లూ కొన్ని రోజులపాటు రవాణా శాఖ తనిఖీలు జోరుగా సాగాయి, కేసులు రాశారు, బస్సులు సీజ్ చేశారు. ఆ రోజుల్లో తిరిగినవారికి అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో క్లీనర్లు చూపించారు కూడా. స్లీపర్ బస్సులకు ఏఐఎస్-119 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది గాని, రెండు వరుసల బెర్తుల మధ్య ఒక మనిషి పట్టే సందులో, తెరల వెనక, చీకట్లో, నిద్రమత్తులో ఉన్నవారు బయటికి రాగలరా అన్న ప్రశ్నకు ప్రమాణపత్రం ఒక్కటే జవాబు కాలేదు.

డ్రైవర్ సంగతి కూడా ఇందులో భాగమే. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే పరిమితి పెట్టింది. బెంగళూరు దారిలో ఇద్దరు డ్రైవర్లు ఉంటేనే ఆ పరిమితి నిలుస్తుంది. ఇద్దరూ ఉన్న బస్సుల్లో కూడా రెండో మనిషి క్యాబిన్ వెనక ఇరుకులోనో, లగేజీ అర పక్కనో నడుము వాల్చి, దాన్నే నిద్ర అనుకోవాలి. ఆర్టీసీలో డిపోలు, విశ్రాంతి గదులు ఉన్నాయి. అక్కడా టికెట్ యంత్రం డ్రైవర్ చేతికే ఇచ్చి కండక్టర్ పని కూడా చేయిస్తున్న దూరప్రాంత సర్వీసులు తక్కువేమీ కాదు.

ఇంత జరుగుతుంటే ఆర్టీసీలు ఎక్కడ ఉన్నాయన్నది న్యాయమైన ప్రశ్న. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవినే వదులుకున్నారు. ఆ రోడ్ల మీద బస్సు ఎవరు నడపాలన్నది ఒకప్పుడు అంత పెద్ద రాజకీయం. ఇప్పుడు అది ఎవరికీ పట్టదు. కోవిడ్ తర్వాత నెలల తరబడి నిలిచిపోయిన అంతర్రాష్ట్ర సర్వీసుల మీద 2020 నవంబరు 2న రెండు ఆర్టీసీలూ ఒప్పందం చేసుకున్నప్పుడు, ఏపీఎస్ఆర్టీసీ తెలంగాణలో రోజూ తిప్పే దూరం సుమారు 2.65 లక్షల కిలోమీటర్ల నుంచి 1.61 లక్షలకు తగ్గింది. తెలంగాణ ఆర్టీసీ పెంచుకున్నది పది వేల లోపే. రెండు సంస్థలకూ సమానత్వం దక్కింది. మధ్యలో మాయమైన 90 వేల పైచిలుకు కిలోమీటర్లు ఎవరి పాలయ్యాయో సంక్రాంతి ముందు రోజుల్లో ప్రైవేటు టికెట్ ధర చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పండుగ ధరల మీద ఏటా గగ్గోలు పుడుతుంది, అధికారులు హెచ్చరిస్తారు, పండుగ అయిపోతుంది. వెళ్లేటప్పుడు నిండుగా వెళ్లిన బస్సు తిరిగి ఖాళీగా రావాలన్న వాదనలో నిజం ఉంది. తెలంగాణ ఆర్టీసీ కూడా ఆ కారణం చూపే ప్రత్యేక బస్సులకు ఒకటిన్నర రెట్ల వరకు తీసుకుంటోంది. కాని ఆ ఒకటిన్నరకు ఒక జీవో ఉంది, హద్దు ఉంది. కాంట్రాక్ట్ క్యారేజ్‌ల చార్జీలకు కూడా గరిష్ఠం నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. మహారాష్ట్ర 2018లో దాన్ని వాడుకుని, అక్కడి ఆర్టీసీ చార్జీకి ఒకటిన్నర రెట్లు దాటకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అమలు ఎంత గట్టిగా ఉందన్నది వేరే మాట, కనీసం అడగడానికి ప్రయాణికుడికి ఒక ఆధారం ఉంది.

తెలుగు రాష్ట్రాలు వెంటనే చేయగలిగిన పని ఇంకొకటి ఉంది, దానికి కొత్త చట్టం కూడా అక్కరలేదు. కర్నూలు, అనంతపురం, సూర్యాపేటల్లో పెద్ద ఆర్టీసీ బస్టాండ్లు ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక వాటి ప్లాట్‌ఫారాలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. ఒక నిర్ణీత రుసుముతో ప్రైవేటు బస్సులను అక్కడ ఆగనిచ్చి, ఆ ఆదాయంతో మరుగుదొడ్లను, డ్రైవర్ల విశ్రాంతి గదులను రాత్రంతా శుభ్రంగా నడపవచ్చు. పర్మిట్ మీద అలాంటి ఒక ఆగుదలను తప్పనిసరి చేయడం దిగ్గజ సంస్కరణ ఏమీ కాదు. పోటీదారుకు తలుపు తెరుస్తారా అని ఆర్టీసీ యూనియన్లు అడ్డు చెబుతాయి, హైవే హోటళ్లు ఊరుకోవు, ఊళ్లోకి వచ్చి పోతే ఇరవై నిమిషాలు ఆలస్యమని ట్రావెల్స్ వాళ్లు అంటారు. ఇందులో యూనియన్ల అభ్యంతరం ఒక్కటే ఆలోచించదగ్గది. రుసుములో కొంత భాగాన్ని సిబ్బంది సంక్షేమానికి కేటాయించి దాన్ని తీర్చవచ్చు. ఇరవై నిమిషాల ఆలస్యం మాటంటారా, మియాపూర్ నుంచి మెహిదీపట్నం దాకా సీట్లు నింపుకోవడానికి రెండు గంటలు తిప్పేవారు ఆ మాట అనకపోవడమే మేలు.