బురద శుభ్రంగా కనిపించాలి

యుద్ధం ఎలా ఉండాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నలుపు బొగ్గులా ఉండాలి, బూడిదరంగులోకి జారకూడదు. పొగ పొగలాగే లేవాలి గానీ మెట్లు మెట్లుగా చారలు కట్టకూడదు. కుడివైపు ముందు నుంచి వచ్చిన తూటా ఎడమవైపు వెనక్కి దూసుకుపోవాలి, దారిలో సోఫా దగ్గర తప్పిపోకూడదు. ఇక బురద. బురదలో రేణువు రేణువూ విడివిడిగా, శుభ్రంగా కనిపించాలి. ఈ నాలుగూ కుదిరాక ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారన్నది నాకంత పట్టింపు లేదు.

ఇవి గాల్లోంచి ఊడిపడ్డ అభిప్రాయాలు కావు. ఏళ్ల తరబడి డబ్బు తగలేసి సంపాదించుకున్నవి. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఒమాహా తీరాన్ని మిత్రసైన్యం ఒక్కసారే పట్టుకుంది. నేను నాలుగుసార్లు పట్టుకున్నాను. ఆ దాడిని చూపించే 1998 నాటి సినిమా ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’ మరుసటి ఏడాది డీవీడీగా వచ్చినప్పుడు డాల్బీ శబ్దంతో ఒకటి, డీటీఎస్ శబ్దంతో ఇంకొకటి విడివిడిగా అమ్మారు. బుద్ధున్నవాడైతే ఒకటి కొంటాడు. తర్వాత 2010లో బ్లూరే, 2018లో 4కే. నిలువునా 480 గీతల్లో మొదలైన సముద్రం 1080 అయి 2160కి చేరింది. అలలు అవే, పడవలు అవే, చచ్చేవాళ్లూ వాళ్లే. కాకపోతే ఇప్పుడు వాళ్ల హెల్మెట్ల మీద నీటిబొట్లు లెక్కపెట్టుకోవచ్చు.

ఇంత ఖర్చు పెట్టి చూస్తే తేలిందేమిటంటే, ఆ బొమ్మను పాడుచేసినవాడు డిస్కు తయారుచేసినవాడు కాదు, సాక్షాత్తూ ఛాయాగ్రాహకుడు. యానుష్ కమిన్‌స్కీ లెన్సుల మీద ఉండే రక్షణ పూతను పనిగట్టుకుని గీకించేశాడు, పాతకాలపు కెమెరాలోలా కాంతి చెదరాలని. కెమెరా షట్టరు తెరుచుకునే కోణాన్ని మామూలు 180 డిగ్రీల నుంచి 90కీ 45కీ తగ్గించాడు, ఎగిరే మట్టి ముక్కముక్కగా, కదలిక అదిరినట్టుగా కనిపించాలని. ల్యాబులో రంగులు పిండేయించాడు. ఆ పనికి ఆస్కార్ కూడా ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఇక్కడ దేవుడే వరమివ్వలేదు. అదృష్టం కొద్దీ నా టీవీలో ‘స్మూత్’ అనే సదుపాయం ఉంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య లేని ఫ్రేములను అదే పుట్టించి అతుకుతుంది. అది నొక్కగానే ఆ అదురంతా మాయం. నార్మండీ దండయాత్ర సాయంత్రం సీరియల్‌లా నున్నగా సాగిపోయింది. కమిన్‌స్కీ ఎన్నాళ్లు కష్టపడ్డాడో తెలియదు గానీ, సరిచేయడానికి నాకు ఒక్క మీట చాలింది.

అన్నట్టు, 2010 బ్లూరేలో మొదట వచ్చిన కాపీలకు ఒక జబ్బుండేది. శబ్దం బొమ్మకు కాస్త అటూ ఇటూ అయ్యేది. నోరు ముందు, మాట వెనక. తప్పు ఒప్పుకుని ఆ డిస్కులన్నిటినీ వెనక్కి రప్పించి కొత్తవి పంపారు. యుద్ధంలో పొరపాటు జరిగిందని తేలిన వెంటనే అన్నీ వెనక్కి పిలిపించి, అంతా మళ్లీ సరిగ్గా చేసిన సందర్భం చరిత్రలో నాకు తెలిసి ఇదొక్కటే.

శుభ్రత విషయంలో మాలాంటివాళ్ల మొర ఆలకించినవాళ్లూ లేకపోలేదు. ఫిల్మ్ అన్నాక గ్రెయిన్ ఉంటుంది. వెండి లవణాల గింజలు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా పరుచుకోవడం వల్ల తెర మీద సన్నగా ఇసుక కదులుతున్నట్టుంటుంది. 25 వేలు పోసి కొన్న టీవీలో ఇసుకేమిటని అడిగేవాళ్లు ఎక్కువయ్యేసరికి దాన్ని తుడిచేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పక్కపక్క ఫ్రేములను పోల్చి, రెండిట్లో నిలకడగా లేనిదాన్ని మురికిగా లెక్కగట్టి తీసేస్తుంది. చిక్కేమిటంటే ఫిల్మ్ మీద బొమ్మ ఉన్నదే ఆ గింజలతో. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, గింజలతోపాటు చర్మం మీది ముడతలూ, ఉన్ని కోటు నేతా, గడ్డం గరుకూ అన్నీ పోయాయి. 2008లో వచ్చిన ‘ప్యాటన్’, ‘ది లాంగెస్ట్ డే’ అనే పాత యుద్ధ చిత్రాల బ్లూరేలు ఈ స్నానం చేసినవే. 1970లో విడుదలైన ‘ప్యాటన్’ను 65 మిల్లీమీటర్ల పెద్ద ఫిల్మ్ మీద తీశారు. సూక్ష్మం కోసమే అంత వెడల్పు ఫిల్మ్. ఆ సూక్ష్మాన్ని మొత్తం కడిగేశాక, జెండా ముందు నిలబడి చావు గురించి ఉపన్యసిస్తున్న సేనాధిపతి ముఖం మైనపు బొమ్మలా నిగనిగలాడింది. మొదట్లో అందరం ఆహా అన్నాం, నాతో సహా. మచ్చలేని జనరల్! నాలుగేళ్ల తర్వాత గ్రెయిన్ ఉంచి మళ్లీ విడుదల చేస్తే దానికీ ఆహా అని, దాన్నీ కొన్నాం.

ఇక శబ్దం. ఇది ఇంటి శాంతిభద్రతలకు సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

థియేటర్ ప్రమాణం ప్రకారం ఒక్కో చానెల్ నుంచి గరిష్ఠంగా 105 డెసిబెళ్లు, బాస్ చానెల్ నుంచి 115 దాకా రావచ్చు. స్పీకర్ల లెక్కలో 5.1 అంటారే, అందులో ఆ చుక్క పక్కన ఒకటి ఇదే. 120 హెర్ట్‌జ్‌కు దిగువన ఉండే గుడగుడలకే దాన్ని కేటాయించారు. చెవి కంటే ముందు పొట్టకు తెలుస్తుంది. ఇదే స్థాయిలో ఇద్దరు సైనికులు కందకంలో తమ ఊళ్ల గురించి మాట్లాడుకుంటే మాత్రం ఎదురుగా కూర్చున్నవాడికి కూడా వినపడదు. కనుక యుద్ధ చిత్రం చూడడమంటే కథ చూడడం కాదు, బొటనవేలికి కసరత్తు. గుసగుసకు ఆరు మెట్లు పైకి, బాంబుకు తొమ్మిది మెట్లు కిందికి. కథ తెలిసినవాడు బాంబు పడడానికి అర సెకను ముందే తగ్గిస్తాడు. నాకు ఆ స్థాయి అనుభవం ఉంది. అయినా ఒక్కోసారి వేలు జారుతుంది. అలా జారినప్పుడల్లా మా షోకేసులో గాజు ఏనుగు కొద్దికొద్దిగా ముందుకు నడుస్తూ వచ్చింది. మూడో ముట్టడికి అంచు దాటింది.

ఆ దుర్ఘటన తర్వాత మా ఇంట్లో సంధి కుదిరింది. రాత్రి పది దాటాక ‘నైట్ మోడ్’. అది పెడితే ప్లేయరు పెద్ద శబ్దాలను అణిచి, చిన్నవాటిని లేపి, అన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది. ఫిరంగికీ గుసగుసకూ సమాన హోదా. ఏ సమావేశాల్లోనూ సాధ్యపడని నిరాయుధీకరణ మా హాల్లో ఒక్క నొక్కుతో అయిపోయింది. కాకపోతే యుద్ధం పక్కింట్లో జరుగుతున్నట్టుంటుంది.

నిశ్శబ్దంతోనూ తంటాలున్నాయి. ఆ ఒమాహా ఘట్టంలోనే దగ్గర్లో గుండు పేలి కెప్టెన్‌కు కాసేపు చెవులు పనిచేయవు. ఆ కాసేపూ మనకూ అంతే, దూరంగా ఒక హోరు తప్ప ఏమీ వినపడదు. శబ్దకారుడు గ్యారీ రైడ్‌స్ట్రామ్ చేసిన ఆ పనిని లోకమంతా మెచ్చుకుంది. మొదటిసారి విన్నప్పుడు నేను మాత్రం లేచి ఆంప్లిఫయర్ వెనక్కి వెళ్లి వైర్లు కదిపాను. కదపగానే శబ్దం తిరిగొచ్చింది. నేనే బాగుచేశానని చాలాకాలం నమ్మాను.

వియత్నాం యుద్ధం మీద తీసిన ‘అపోకలిప్స్ నౌ’ కథ వేరు. దాని శబ్దకారుడు వాల్టర్ మర్చ్ 1979లోనే హెలికాప్టర్‌ను ప్రేక్షకుడి చుట్టూ తిప్పాడు. ఇంట్లో వెనక స్పీకర్లు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. మా హాల్లో అది ఎడమ వెనక నుంచి బయల్దేరి బట్టల స్టాండు దగ్గర మాయమై తలుపు పక్కన తేలింది. స్టాండు జరిపాం. ఇప్పుడు చక్కగా తిరుగుతోంది. దాని బొమ్మకు మాత్రం సరిహద్దు తగాదా ఉండేది. ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారో ఇష్టప్రకారం డీవీడీల్లో రెండు పక్కలా కోసి 2:1 కొలతలో ఇచ్చారు. 2010 బ్లూరేలో అసలు వెడల్పు తిరిగొచ్చింది. కోల్పోయిన భూభాగం ఒక్క తూటా పేలకుండా దక్కింది.

ఇంత కచ్చితంగా మార్కులు వేసే నాకు ఇబ్బంది కలిగించేవి నిజం యుద్ధాలు. 1942లో పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి మీద బాంబులు పడుతుంటే హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ స్వయంగా 16 మిల్లీమీటర్ల కెమెరాతో అక్కడే ఉన్నాడు. చేతికి గాయమైంది. పేలుడు అదురుకు ఫిల్మ్ కెమెరాలో పట్టు తప్పి బొమ్మ గెంతింది. ఆ గెంతును కత్తిరించకుండా అలాగే ఉంచేశాడు. నా పట్టికలో బొమ్మ నిలకడకు అయిదుకు ఒకటి. ఒమాహా తీరంలో ఆ రోజు రాబర్ట్ కాపా తీసిన ఫొటోలైతే మరీ అన్యాయం. మనిషేదో నీళ్లేవో తెలియని మసక. స్పష్టతకు సున్నా వేయక తప్పలేదు. యాభై ఏళ్ల తర్వాత ఆ మసక కోసమే లెన్సులు గీకించారంటే లోకం తీరు ఏమనుకోవాలి?

దర్శకుల్లో ఒక్క పీటర్ జాక్సన్ మాత్రం నా మనసెరిగినవాడు. మొదటి ప్రపంచయుద్ధపు మూకీ ఫిల్మ్ తీసుకుని, గీతలు తుడిచి, రంగులద్ది, చేత్తో తిప్పిన కెమెరాల ఎగుడుదిగుడు వేగాన్ని సరిచేసి, పెదవుల కదలిక చదవగలవాళ్లతో సైనికులు ఏమంటున్నారో కనిపెట్టించి, ఆ మాటలు నటులతో పలికించాడు. 2018లో వచ్చిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ అదే. వందేళ్ల కిందట నిజంగా చచ్చిపోయినవాళ్ల ముఖాలకు మసి కడిగారు. నిన్నగాక మొన్న చచ్చినట్టు నటించినవాళ్ల ముఖాలకు మసి పూశారు. రెండూ ఒకే షెల్ఫులో ఉన్నాయి. రెంటికీ అయిదుకు నాలుగున్నర వేశాను.

మొన్న స్నేహితులు వస్తే ఆనవాయితీ ప్రకారం ఒమాహా పెట్టాను. దాదాపు పాతిక నిమిషాలు. కొత్త వూఫర్ కదా, నేలంతా కంపించింది. ఘట్టం అవగానే ఆపేసి లైట్లు వేశాను. అందరూ బాస్ గురించే మాట్లాడుతుంటే కాఫీలు తెచ్చిన మా ఆవిడ అడిగింది.

“ఇంతకీ ఆ అబ్బాయి దొరికాడో లేదో మీకు తెలుసా?”

“ఏ అబ్బాయి?”

“రయాన్.”

నాలుగు డిస్కులు, ఇన్నేళ్లు, లెక్కలేనన్ని దండయాత్రలు. రెండు గంటల నలభై తొమ్మిది నిమిషాల సినిమాలో ఆ తీరం దాటి నేనెప్పుడూ ముందుకు పోలేదన్న సంగతి అప్పుడు తట్టింది. మాట మార్చి, “నువ్వెప్పుడు చూశావు?” అన్నాను.

“పోయిన వారం, మీరు స్టాండు జరుపుకుంటున్నప్పుడు. వంటింట్లో కూర్చుని ఫోన్లో చూశాను. చివరికొచ్చేసరికి ఏడుపాగలేదు.”

“ఫోన్లోనా?” అన్నాను. “ఇయర్‌ఫోన్లలో ఒకటి పనిచేయట్లేదు కదా. అందులో నీకు బాస్ ఏం వినపడింది?”