నాలుగు హద్దులు పొలానికేనా, గేదెలకు అక్కర్లేదా?

గుంటూరు, తెనాలి, విజయవాడ చుట్టుపక్కల డెయిరీ ఫారం చేతులు మారేటప్పుడు రాసుకునే అగ్రిమెంటు చూడండి. పొలానికి సెంట్లతో సహా లెక్క ఉంటుంది. తూర్పున ఫలానావారి మాగాణి, దక్షిణాన డొంక, పడమర పంటబోదె, ఉత్తరాన రోడ్డు అని నాలుగు హద్దులూ ఉంటాయి. లక్షల ఖరీదు చేసే పశువుల దగ్గరకొచ్చేసరికి మాత్రం ‘షెడ్డు, బోరు, మోటారు, 40 పాడి గేదెలతో సహా’ అని ఒక్క ముక్క. డబ్బు ముట్టాక షెడ్డులో 31 గేదెలు కనిపిస్తాయి. మిగతావి చుట్టాలింట్లో ఉన్నాయంటారు, ఇంకోసారి చచ్చిపోయాయంటారు. ఆ తర్వాత వేసే దావాలో సగం అప్పటికే దస్తావేజు లేఖరి బల్ల దగ్గర పోయి ఉంటుంది.

ఎందుకు పోతుందో వస్తు విక్రయ చట్టం, 1930 చూస్తే తెలుస్తుంది. సరుకు ఏదో గుర్తుపట్టేలా తేలేదాకా దాని మీద హక్కు కొన్నవాడికి రాదని 18వ సెక్షన్ చెబుతుంది. ఫారంలో 55 గేదెలుంటే అందులో మీ 40 ఏవి? తేలకపోతే అవి ఇంకా అమ్మినవాడివే. హక్కుతోపాటే నష్టభారం కూడా కదులుతుందని 26వ సెక్షన్ అంటుంది. గేదె చెవి ట్యాగు నంబరు రాసుకోని చోట ఇది రెండువైపులా దెబ్బ తీస్తుంది. గొంతువాపుతో గేదె చచ్చిపోతే ‘పోయింది మీదే’ అని అమ్మినవాడు, ‘నీదే’ అని కొన్నవాడు వాదించుకుంటారు. ఎవరి మాటకూ ఆధారం దొరకదు.

నష్టపరిహారం దగ్గర ఇంకా ఘోరం. సరుకు అప్పగించకపోతే పరిహారం అడగొచ్చని 57వ సెక్షన్ చెబుతుంది. దాన్ని మామూలుగా కట్టేది ఒప్పుకున్న ధరకూ, అప్పగించాల్సిన రోజున బజారు ధరకూ ఉన్న తేడాతో. స్థలం, షెడ్డు, గేదెలు అన్నీ కలిపి ఒకే మొత్తానికి బేరమాడితే ఒక్కో గేదె ఒప్పుకున్న ధర ఏది? కోర్టు ఊహించి కట్టాలి. ఊహించి కట్టిన పరిహారం కొన్నవాడి కడుపు నింపదు.

మందు పశువు చెవికే ఉంది. పశు ఆధార్ అని పిలిచే పసుపు రంగు ట్యాగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు కింద జాతి, వయసు, ఈతలు, యజమాని వివరాలు భారత్ పశుధన్ అనే ప్రభుత్వ రికార్డులో ఎక్కుతాయి. కాబట్టి అగ్రిమెంటుకు పొలం వివరాల పట్టికతోపాటు గేదెలకు రెండో షెడ్యూలు, అంటే ఇంకో పట్టిక జతచేయాలి. గేదెకొక వరస. అందులో ట్యాగు నంబరు, ఎన్నో ఈత, ఈనిన తేదీ, చూడిదైతే ఎన్నో నెల, పూటకు పాలు, వెంట దూడ ఉందా, విడిగా ధర. ట్యాగు ఊడిపోవచ్చు, కత్తిరించి మార్చేయనూ వచ్చు. అందుకే కొమ్ముల వంపు, నుదుటి మచ్చ, తోక కుచ్చు రంగు కూడా రాసి, ఫొటో తీసి, పశువైద్యాధికారి చేత సంతకం పెట్టించాలి.

పాల లెక్క ఎందుకంటే, మోసం ఎప్పుడూ తలకాయల సంఖ్యలోనే జరగదు. రెండో ఈత ముర్రా జాతి గేదెల్ని రాత్రికి రాత్రి తోలేసి, వట్టిపోయిన గేదెల్ని వాటి గుంజలకు కట్టేస్తే 40 సరిగ్గా 40 ఉంటాయి. పాలు మాత్రం సగానికి పడిపోతాయి. అందుకే ముందురోజు సాయంత్రం ఎదురుగా నిలబడి పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండించాలి, తర్వాతి రెండు పూటలు కొలవాలి. ఒక పూట పితకకుండా ఆపి మర్నాడు బిందె నింపి చూపించడం పాత ఎత్తు. పాల కేంద్రంలో లీటర్లు, వెన్న శాతం రాసిన గత మూడు నెలల బిల్లులు కూడా తీసుకుంటే రేపు పాల నష్టం లెక్క వాటి మీదే నిలబడుతుంది.

అప్పగించకపోతే ఏం చేయాలి? ఒప్పుకున్న పనిని కోర్టు ద్వారా చేయించే నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో జరిగిన సవరణ ఇక్కడ గొప్ప ఆసరా. 20వ సెక్షన్ కింద కనీసం 30 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే బయట గేదెలు కొనుక్కొని ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు. ఆ దారి పట్టాక ఒప్పందంలోని పాత గేదెలే కావాలని అడగకూడదు. అయితే ‘మేం ఇవ్వాల్సింది ఐదో ఈత గేదెలు, మీరు కొన్నది రెండో ఈతవి’ అని అవతలి వకీలు లేస్తే, జవాబు చెప్పేది మళ్లీ ఆ షెడ్యూలే.

పాత గేదెలే కావాలంటే దావాతోపాటే వాటిని అమ్మకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), లెక్కపెట్టడానికి అడ్వకేట్ కమిషనర్ (కోర్టు పంపే వకీలు) కోసం పిటిషన్లు పడాలి. డిక్రీ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. డబ్బు కట్టమన్న డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, అమ్మిన రైతు పశువుల్ని జప్తు చేయబోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఆయన జీవనానికి అవసరమైన పశువుల్ని కాపాడుతుంది. ఫలానా నంబరు గేదెనే అప్పగించాలన్న డిక్రీ అయితే 21వ ఆర్డరు 31వ రూలు కింద నేరుగా పట్టుకొచ్చి ఇవ్వొచ్చు. నంబరు లేనివాడికి ఈ దారి తెరుచుకోదు. దావా వేయడానికి మూడేళ్ల గడువుంది గానీ అన్నాళ్లు ఆగితే ఆ గేదెలు గుర్తుపట్టే స్థితిలో ఉండవు.

చూడి సంగతి రాసుకోకపోతే ఏమవుతుందో అమెరికాలో మిషిగన్ సుప్రీంకోర్టు 1887లోనే చూసింది. గొడ్డుదనుకుని మాంసం ధరకు, పౌను అయిదున్నర సెంట్ల చొప్పున ఒప్పుకున్న ఆవు చూడిదని తేలింది. అమ్మినవాళ్లు దాన్ని ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కింది కోర్టులో గెలిచిన కొనుగోలుదారుకు పైకోర్టులో ఎదురుదెబ్బ తగిలింది. కీలక విషయంలో ఇద్దరూ పొరపాటు పడ్డారంటే మన కాంట్రాక్టు చట్టం 20వ సెక్షన్ కూడా ఒప్పందాన్ని చెల్లదంటుంది. మూడు నెలలు దాటిన చూడిని చేయి పెట్టి చెప్పగల డాక్టరు మండలంలోనే ఉండగా ఆ సందు వదిలిపెట్టడం ఎందుకు?

పల్లెలో బేరం నమ్మకం మీద నడుస్తుందనీ, ఈనేవీ చచ్చేవీ ఉండే మందను కాగితం మీద కట్టేయలేమనీ అనేవాళ్లున్నారు. మంద మారుతుంది, నిజమే. మారిన ప్రతిసారీ ఒక వరస కొట్టేసి ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది. చనిపోతే పోస్టుమార్టం సర్టిఫికెట్టు, ట్యాగు చూపించాలి. బీమా కంపెనీకి ఎలాగూ చూపిస్తున్నారు కదా, కొన్నవాడికి చూపిస్తే నమ్మకం ఎక్కడ చెడుతుంది?

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది ట్యాగు రికార్డులో యజమాని అనే గడి. మేత కోసేది, పేడ తీసేది, పాలు పితికేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. డ్వాక్రా రుణంతో కొన్న గేదె అయితే ఆ అప్పు కూడా ఆమె పేరునే ఉంటుంది. అమ్మకం కాగితం మీద మాత్రం భర్త సంతకం. సొంతదారు కానివాడు అమ్మితే కొన్నవాడికి మంచి హక్కు రాదని వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ సూత్రం. ఆమె ‘నా గేదె నేనివ్వను’ అంటే తప్పు ఆమెది కాదు, ఆమెను అడగకుండా బేరం కుదిర్చినవాళ్లది. మోటారు సైకిల్ అమ్మితే బండి పేరు మార్చకుండా వదలం. గేదె అమ్మిన రోజే పశువైద్యశాలలో యజమాని పేరు మార్పించడం చట్టబద్ధంగా తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా కొనేవాళ్లు తామే అడగాలి. రికార్డులో ఆమె పేరుంటే, గేదెల షెడ్యూలు కింద మొదటి సంతకం ఆమెది. బ్యాంకుకు తాకట్టులో ఉంటే బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం చూశాకే మిగతా డబ్బు.