ఏడు వందల కృతుల వాగ్గేయకారుడికి ఐదు కృతుల ఆరాధన

2047 జనవరికి త్యాగరాజస్వామి సిద్ధిపొంది 200 ఏళ్లు నిండుతాయి. దానికింకా చాలా టైముంది కదా అనిపించవచ్చు. కానీ ఏటా పుష్య బహుళ పంచమికి మనం చేస్తున్న ఆరాధనోత్సవాలు చూస్తే, ఆ ద్విశతాబ్ది ఎలా జరగబోతోందో ఇప్పుడే చెప్పేయవచ్చు. పొద్దున్నే ఉంఛవృత్తి (పాడుకుంటూ వీధుల్లో భిక్ష స్వీకరించడం), ఆ తర్వాత పంచరత్నాలనే ఐదు కృతుల గోష్ఠిగానం, అక్కడి నుంచి రాత్రి దాకా ఒకరి తర్వాత ఒకరు వేదికెక్కి తలా ఒకటి రెండు కృతులు, చివర్లో ఆంజనేయోత్సవం. కాకపోతే ఆ ఏడు వేదిక పెద్దదవుతుంది, శాలువాలు ఎక్కువవుతాయి.

త్యాగరాజ కృతులు ఈనాడు సుమారు 700 దొరుకుతున్నాయి. సాహిత్యం అచ్చులో ఉంది, చాలావాటికి స్వరం కూడా ఉంది. ఆయన పేరు మీద జరిగే వారం రోజుల ఉత్సవంలో మాత్రం ఎందరోమహానుభావులు, నగుమోము, బంటురీతి, మరుగేలరా చుట్టూనే తిరుగుతుంటాం. ఒకే సాయంత్రం ఒకే కృతిని ఇద్దరు పాడితే కార్యదర్శికి ఇబ్బందిగా ఉంటుందేమో గానీ, ఆశ్చర్యమైతే ఎవరికీ కలగదు.

ఈ మాట అంటే వచ్చే జవాబు తెలిసిందే: అది సంప్రదాయం. సరే, ఆ సంప్రదాయం వయసెంతో చూద్దాం. త్యాగరాజు 1847లో వెళ్లిపోయాక తిరువయ్యారులో కావేరి ఒడ్డున ఉన్న సమాధి పాడుబడిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన శిష్యులు ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ దాన్ని బాగుచేయించాకే అక్కడ ఆరాధన ఒక ఉత్సవంగా నిలదొక్కుకుంది. నిలదొక్కుకోగానే విద్వాంసులు పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలుగా విడిపోయి వేర్వేరుగా చేసుకున్నారు. రెండు చోట్లా ఆడవాళ్లకు పాడే హక్కు లేదు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ తన సంపాదన పోసి ఆ సమాధి దగ్గర కట్టించిన గుడికి 1925లో ప్రతిష్ఠ జరిగింది. అప్పుడు కూడా ఆమెను పాడనివ్వలేదు. దాంతో స్త్రీల కోసం ఆమే వేరుగా ఉత్సవం మొదలుపెట్టింది. వర్గాలన్నీ కలిసిపోయి, స్త్రీలకు కూడా చోటు దొరికింది 1940ల మొదట్లో. పంచరత్నాలను అందరూ కలిసి పాడే పద్ధతి కూడా ఆ కాలపు ఏర్పాటే. అంటే మనం అనాదిగా వస్తున్నదనుకునేది ఎనభై ఏళ్ల కిందట కొందరు కూర్చుని చేసుకున్న ఒప్పందం. మంచి ఒప్పందమే. గొడవలు తీర్చింది, అందరినీ ఒక పందిరి కిందికి తెచ్చింది. కానీ మనుషులు చేసుకున్న ఏర్పాటును అవసరమైతే మనుషులే మార్చుకోవచ్చు.

పంచరత్నాల విషయంలో నాకింకో ఫిర్యాదు కూడా ఉంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అన్న ఐదు ఘనరాగాల్లో ఉన్న ఈ కృతుల్లో స్వరసాహిత్యం పొందిక చాలా సూక్ష్మమైనది. వందల గొంతులు, పదుల వయొలిన్లు, మృదంగాలు ఒక్కసారిగా అందుకుంటే వరాళి గాంధారం ఎవరికి వినబడుతుంది? టీవీలో చూడటానికి ఆ దృశ్యం గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ గుంపుగా పాడటం కోసమే త్యాగరాజు దివ్యనామ కీర్తనలు రాసి పెట్టాడు. భజనలో ఒకరు అంటే పదిమంది అందుకునేలా, చిన్న చరణాలతో, తేలిక వరసలతో కట్టాడు. వాటిని పక్కన పెట్టి, ఒంటరి సాధన కోరే రచనలను గోష్ఠికి ఎంచుకున్నాం.

కచేరీలు ఇలా కొద్ది కృతులకే కుదించుకుపోవడానికి కారణం కళాకారుల బద్ధకం మాత్రమే కాదు. ఉత్సవంలో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలు. కర్ణాటక కచేరీకి రిహార్సల్ అనేది దాదాపు ఉండదు. గాయకుడు వేదిక మీదే పాట ఎత్తుకుంటాడు, వయొలిన్, మృదంగం వెంట నడవాలి. అరుదైన కృతి తీస్తే పక్కవాద్యాలకు టెన్షన్, వాళ్లు తడబడితే గాయకుడికి నష్టం. అందుకే అందరికీ తెలిసిన కృతి ఎంచుకోవడమే క్షేమం. ఇదంతా ఎవరి తప్పూ కాదు, ఏర్పాటే అలా ఉంది.

ఏర్పాటు మారితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది, దూరదేశానిది. జర్మన్ స్వరకర్త బాఖ్ 1750లో చనిపోయాడు. 250 ఏళ్లు నిండిన 2000 సంవత్సరంలో జాన్ ఇలియట్ గార్డినర్ అనే ఇంగ్లిష్ సంగీత దర్శకుడు, చర్చి ఆరాధన కోసం బాఖ్ రాసినవాటిలో మిగిలి ఉన్న 198 కాంటాటాలనూ (వాద్యాలతో కలిపి పాడే రచనలు) ఏడాది పొడవునా పాడించాడు. 1999 క్రిస్మస్‌కి వైమార్‌లో మొదలుపెట్టి, 2000 చివరి రోజున న్యూయార్క్‌లో ముగించాడు. ఏ పండగకి, ఏ ఆదివారానికి బాఖ్ ఆ రచన చేశాడో, దాన్ని ఆ రోజే పాడాలన్నది నియమం. పెద్ద రికార్డింగ్ కంపెనీ మధ్యలో చేయి వదిలేస్తే సొంతంగా లేబుల్ పెట్టుకుని విడుదల చేశాడు. జనం ఎప్పుడూ వినని రచనలెన్నో ఆ ఏడాది బయటికొచ్చాయి.

మనకి ఇది ఇంకా బాగా అతుకుతుంది. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనలకు ఇలాంటి వరస ముందే ఉంది. స్వామిని హెచ్చరికగా రారా అని పిలవడం, సీతాకల్యాణం, హారతి, ఉయ్యాల, పవళింపు, ఇలా ఒక పూజాక్రమం. వాటిని విడివిడిగా కచేరీ చివర్లో ‘తుక్కడా’లుగా పాడేసి మంగళం అంటున్నాం. ఒక రోజును ఆ క్రమంలోనే, మాటలు వినబడేలా పాడిస్తే ఎలా ఉంటుంది?

త్యాగరాజు రాసిన సంగీత నాటకాల సంగతి ఇంకా ఘోరం. కల్యాణిలో ‘వాసుదేవయని’ వినని రసికుడు ఉండడు. అది ప్రహ్లాద భక్తి విజయంలో ద్వారపాలకుడి ప్రవేశగీతమని ఎందరికి తెలుసు? రీతిగౌళలో ‘నన్నువిడచి’ కూడా ఆ నాటకంలోదే. సారంగలో ‘ఓడను జరిపే’ నౌకాచరిత్రంలోది. ఆ కథలో గోపికలు గర్వపడతారు, యమునలో ఓడ మునగబోతుంది, కృష్ణుడు కాపాడతాడు. ఆ సందర్భం తీసేస్తే మిగిలేది మంచి రాగంలో ఒక పాట. రెండు నాటకాలూ పూర్తిగా మనకు దక్కాయి, పద్యాలు, దరువులతో సహా. తెలుగు నేల మీద జరిగే ఆరాధనల్లో ఏటా ఒక్క సాయంత్రం వీటికి ఇవ్వడానికి ఏమి అడ్డం?

పాఠాంతరాలు వేరే గని. నగుమోముకి పాత పాఠంలో ‘ధ’ స్వరం కింది స్థాయిది, అంటే శుద్ధ ధైవతం, ఇవాళ కచేరీల్లో దానికి పైది, చతుశ్రుతి ధైవతం. దాంతో రాగం రూపమే మారిపోయింది. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో ఒకే కృతి వేర్వేరు సంగతులతో, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులతో, నిలిచింది. ఒకే వేదిక మీద రెండు పాఠాలూ వరసగా వినిపిస్తే ఎవరూ కొంప మునిగినట్టు బాధపడరు. పండితులు కాసేపు వాదించుకుంటారు, అది ఉత్సవానికి మంచిదే.

తెలుగు సభలకే ఈ పని ఎక్కువగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఈ కృతుల్లో మాట సూటిగా తాకేది ముందు మనకే. చెన్నై శ్రోత రాగంతో మురిసిపోయి ఊరుకోవచ్చు, అది చాలా ఎత్తున మురవడమే. మనం మాత్రం అలా వదిలేయకూడదు. మూడు చరణాలున్న కృతిలో ముద్ర, అంటే త్యాగరాజు పేరు, ఉన్న చివరి చరణం ఒక్కటి పాడి ముగించే అలవాటును కనీసం మన వేదికలమీదైనా మానుకోవచ్చు. ఎత్తుకున్న కృతి మూడు చరణాలతో పూర్తి కావాలి. కావాలంటే స్వరకల్పన కాస్త తగ్గించుకోండి, మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం ఒక ఆవృతం ముందు ముగించుకోండి.

లెక్క కష్టమేమీ కాదు. ఉత్సవం ఏడు సాయంత్రాలు, సాయంత్రానికి పది కృతులు అనుకుంటే ఏడాదికి 70. పదేళ్లలో 700 అయిపోతాయి. 2027లో మొదలుపెడితే 2046 నాటికి రెండు ఆవృతాలు పూర్తి. మొదటిసారి తెలిసినవాళ్లు పాడతారు, రెండోసారి ఆ రికార్డింగులు విని నేర్చుకున్న పిల్లలు పాడతారు. జాబితా ఏడాది ముందే పంచిపెట్టాలి, ఒక్కో కళాకారుడికి నాలుగు కృతులు, అందులో మూడు అరుదైనవి.

దీనికయ్యే ఖర్చు పందిరికీ ఫ్లెక్సీలకూ కాదు, రిహార్సళ్లకు. పక్కవాద్య కళాకారులను రెండు రోజుల ముందే పిలిపించి, ఆ రోజులకు కూడా పారితోషికం ఇవ్వాలి. స్పాన్సర్ పేరు ఫ్లెక్సీ మీద కనబడుతుంది గానీ రిహార్సల్ గదిలో కనబడదు కాబట్టి ఈ డబ్బు అడగటం కార్యదర్శులకు కష్టం. సన్మానాల బడ్జెట్‌లోంచి తీయాలి, వేరే దారి నాకు కనిపించడం లేదు. ఒక్క సభ ఒక్క ఏడాది శాలువాలు మానేసి మొదటి 70 కృతుల జాబితా ప్రకటించినా, మిగతా సభలకు దాన్ని పట్టించుకోకుండా ఉండటం అంత తేలిక కాదు.