అలెన్ ఫీల్డ్‌హౌస్ పెదనాన్నగారికి

అలెన్ ఫీల్డ్‌హౌస్ పెదనాన్నగారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళో తమరూ, తమ కప్పుకి వేలాడే జెండాలూ, గుమ్మం ముందు బంతి పట్టుకుని నిలబడ్డ ఫాగ్ అలెన్ గారి విగ్రహమూ క్షేమమని తలుస్తాను.

అడక్కుండా వరస కలిపేశానని కోపం తెచ్చుకోకండి. కాన్సాస్ యూనివర్సిటీ వాళ్ళ బాస్కెట్‌బాల్ హాలుగా మీరు తలుపులు తెరిచింది 1955 మార్చి 1న. ఆ రాత్రే అదే రాష్ట్రంలోని మరో యూనివర్సిటీ, కాన్సాస్ స్టేట్ వాళ్ళని 77-67తో ఓడించి పంపించారు. మా నాన్న తెనాలిలో పుట్టింది అదే ఏడాది శ్రావణమాసంలో. నాన్నకంటే నెలల్లో పెద్ద కాబట్టి పెదనాన్న. పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోవాలన్నా ముందు వరస తేలాలి కదా.

తగువేమిటంటే, నేను మీ ఊరొచ్చింది మాస్టర్స్ చదవడానికి. బ్యాంకు లోను మీద, మావయ్య ష్యూరిటీ మీద వచ్చాను. బాస్కెట్‌బాల్ చూడాలని ఐ-20 అడ్మిషన్ కాగితంలో ఎక్కడా రాయలేదు. మీ యూనివర్సిటీ పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. మా అమ్మ అయితే చాలాకాలం "కాన్సార్" అనేది, విన్నవాళ్ళు అదోలా చూసేవాళ్ళు. 2015 ఆగస్టులో మిమ్మల్ని మొదటిసారి బయటినుంచి చూసి, ధాన్యం గోడౌన్ ఇంత నడి క్యాంపస్‌లో కట్టారేమిటా అనుకున్నాను. లోపల చూస్తే నేల టికెట్టుకి కాస్త ఎగువన, బెంచీ క్లాసు. వీపు ఆన్చడానికి ఏమీ లేదు. డాలర్ల దేశంలో ఈ చెక్కబల్లలేమిటి అని ఆ క్షణంలో మిమ్మల్ని లోకువ కట్టిన మాట నిజం. క్షమించాలి.

ఆ తర్వాత మీ వంశవృక్షం తెలిసింది. ఆట కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ గారే మీ ఊళ్ళో మొదటి కోచ్. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో గోడకి పీచ్ పళ్ళ బుట్టలు కట్టించి, 13 రూల్స్ రాసి, 1898లో కాన్సాస్ చేరుకున్నారు. చేరుకుని ఏం చేశారూ? 55 గెలిచి 60 ఓడారు. మీ చరిత్ర మొత్తంలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కరే. వంటల పుస్తకం రాసినావిడ ఇంట్లో రోజూ పప్పు మాడినట్టుంది. అయినా మీ ముందున్న రోడ్డుకి ఆయన పేరే, మీ నడుమనున్న కోర్టుకీ ఆయన పేరే. ఆ 13 రూల్స్ టైపు చేసిన కాగితాలు రెండింటిని 2010లో వేలం వేస్తే, మీ వీధిలోనే పెరిగిన డేవిడ్ బూత్ అనే ఆయన 43 లక్షల డాలర్లు పెట్టి కొన్నాడు. వాటికోసం మిమ్మల్ని ఆనుకుని ఒక భవనమే లేచింది. మా మావయ్యకి చెబితే, "జిరాక్సు తీసుకుంటే పోయేదిగా" అన్నాడు.

మీ పేరుగల ఫాగ్ అలెన్ గారి సంగతి ఇంకా బాగుంది. గొంతు ఓడ సైరన్‌లా ఉంటుందని ఆ ముద్దుపేరు. 39 సీజన్లు మీ ఊరి జట్టుకి కోచింగ్ చేశారు. ఇంత పెద్ద ఇల్లు కట్టి ఆయన పేరు పెట్టారు. పెట్టిన మరుసటి ఏడాదే, 70 నిండాయి, రూలు ప్రకారం రిటైర్మెంట్ అన్నారు. ఏడడుగుల విల్ట్ చాంబర్లీన్‌ని ఎక్కణ్ణుంచో ఏరికోరి తెచ్చుకున్నది ఆయన. ఆ కుర్రాడు 1956 డిసెంబరు 3న నార్త్‌వెస్టర్న్ మీద మొదటి మ్యాచిలోనే 52 పాయింట్లు కొట్టి, 31 రీబౌండ్లు, అంటే గురి తప్పి తిరిగొచ్చిన బంతులు, పట్టేనాటికి బెంచీ మీద కోచ్ వేరొకరు. గృహప్రవేశం అయ్యాక ఇంటాయన్ని వరండాలో కూర్చోబెట్టడం మా వైపే అనుకున్నాను.

సరే, అసలు నష్టం దగ్గరికొస్తాను. మీ దగ్గర స్టూడెంట్లకి సీటు నంబర్లుండవు. జట్టుగా పేర్లు రాయించి మీ వసారాల్లో కాపు కాయాలి. గుంపులో ఒకరైనా ఎప్పుడూ అక్కడ ఉండాలి. పేరు పిలిచినప్పుడు పలక్కపోతే కొట్టేస్తారు. తిరుమల కంపార్ట్‌మెంట్లలో రాత్రంతా కూర్చున్న ప్రాణాలు మావి, మాకిది లెక్కా? ఫ్రిజ్ మీద వంట డ్యూటీ చీటీ పక్కనే కాపలా డ్యూటీ చీటీ అంటించాం. సోమవారం సాంబారు నాది, కాపలా రూమ్మేట్ సురేష్‌ది. మీ గోడకి ఆనుకుని, డబ్బాలో పులిహోర తింటూ అల్గోరిథమ్స్ హోంవర్క్ చేశాను. ఆ సబ్జెక్టులో బి వచ్చింది. ఆ బి మీ ఖాతాలో రాసుకోండి. ఇంతా చేసి లోపలికెళ్తే, యూనివర్సిటీకి బాగా దానాలిచ్చినవాళ్ళు తాపీగా వచ్చి మంచి సీట్లలో కూర్చుని ఉంటారు. బ్రేక్ దర్శనం మీ దగ్గరా ఉందని తెలిసి, పరాయి దేశమన్న బెరుకు కొంత పోయింది.

మిగతాది కాగితాలతో పోయింది. ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లు చదువుతుంటే స్టూడెంట్లందరూ న్యూస్‌పేపర్లు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పు అడగడానికొచ్చిన చుట్టాన్ని చూసి మా తాతయ్య పేపరులో తల దూర్చినట్టే, అచ్చంగా. తర్వాత మన జట్టు వంతు. అదే పేపరు చింపి గుప్పిళ్ళకొద్దీ గాల్లోకి ఎగరేశారు! ఈలలు, గోల, లైట్ల వెలుగులో కాగితం ముక్కలు తిరుగుతూ కిందకి దిగడం. నా పక్కన సురేష్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఇది మొదటాట రా," అన్నాడు. "మన హాలే రా."

ఆట చివర్లో, గెలుపు ఖాయమయ్యాక, మీ కప్పు కింద పదిహేను వేల పైచిలుకు మంది నెమ్మదిగా, ముక్తకంఠంతో "రాక్ చాక్ జేహాక్, కే యూ" అని దీర్ఘాలు తీస్తారు. 1886లో కెమిస్ట్రీ చెప్పే ప్రొఫెసర్ బెయిలీ గారు మొదలెట్టిన నినాదమట. కే యూ అంటే మన యూనివర్సిటీ, జేహాక్ అంటే మన జట్టు ముద్దుపేరు. భూమి మీద మిగతాదానికి అర్థం చెప్పినవాళ్ళు నాకింకా తగల్లేదు, ఏదో సుద్దరాయి అంటారు. పట్టించుకోలేదు. అర్థం తెలియని సంకల్పానికి చెవి ముట్టుకుని "మమ" అన్నవాళ్ళం, ఇదొక లెక్కా. గెలిచాక గోధుమచేను ఊగినట్టు చేతులు పైకెత్తి ఊపాలన్నారు. వరిచేనుకీ దానికీ ఊపులో పెద్ద తేడా లేదని ఊపేశాను.

2016 జనవరి 4 మీకు గుర్తుండే ఉంటుంది, మీ గోడలకి నిద్రపట్టని రాత్రి. క్రిస్మస్ సెలవులు. అక్కడి పిల్లలు చాలామంది ఇళ్ళకి పోయారు. టికెట్టుకి డబ్బుల్లేక ఊళ్ళో మిగిలిన మాలాంటివాళ్ళకి క్యూలో ముందు చోటు. దేశం మొత్తం కాలేజీ జట్ల ర్యాంకుల్లో కాన్సాస్ నంబర్ వన్, ఓక్లహోమా నంబర్ టూ. ఓక్లహోమాలో బడీ హీల్డ్ అని ఒకడు. పెదనాన్నా, వాణ్ణి మీరూ చూశారు, నేనూ చూశాను. ఎక్కణ్ణుంచి విసిరినా పడుతోంది. 40 నిమిషాలకి తేలాల్సిన ఆట తేల్లేదు. అయిదు నిమిషాలు కలిపారు, తేల్లేదు. మళ్ళీ అయిదు. మళ్ళీ అయిదు. స్టూడెంట్లు కూర్చోకూడదన్న ఆచారం ఎవరు పెట్టారోగాని, మూడో ఓవర్‌టైముకి నా పాదాలు నావి కావు. జేబులో ఫోను ఆగకుండా కొట్టుకుంటోంది. తెనాలిలో అప్పుడు పొద్దున్న పది దాటింది, అమ్మ అరిసెల పాకం పడుతూ ఫోను చేస్తోంది. ఎత్తి, "అమ్మా, టై!" అని అరిచాను. "టై కొనుక్కున్నావా, ఇంటర్వ్యూకా?" అంది.

చివరి సెకన్లలో హీల్డ్ గీత బయటినుంచి బంతి లోపలికి విసరబోతుంటే, మన ఫ్రాంక్ మేసన్ వాడి ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గర నిలబడి, బంతి లాగేసుకున్నాడు. అంత దగ్గర నిలబడొచ్చా అని ఆ తర్వాత చర్చలు జరిగాయి, వాటి జోలికి నేను పోను. ఫ్రీ త్రోలు పడ్డాయి. 109-106. హీల్డ్ ఒక్కడే 46. అయిపోయాక వాడు కోర్టు పక్కన నిలబడి టీవీవాళ్ళతో మాట్లాడుతుంటే, ఇంకా ఇళ్ళకి పోని జనం లేచి వాడికి చప్పట్లు కొట్టారు. నేను బిత్తరపోయాను. సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో పొరుగూరివాడు అంత బాగా ఆడితే మావాళ్ళు వాడి సైకిల్లో గాలి తీసేవాళ్ళు. అలాంటి ఊరినుంచి వచ్చినవాడు ఆ రాత్రి చేతులు మండేలా చప్పట్లు కొట్టాడు. ఈ చెడు అలవాటు కూడా మీరు నేర్పిందే.

ఇప్పుడు చెప్పబోయేది సురేష్‌కి తెలియదు. తొమ్మిదేళ్ళుగా దాచాను.

2017 ఫిబ్రవరి 13. అంతకు రెండు వారాల ముందు, మనవాళ్ళు కెంటకీ వెళ్ళినప్పుడు, ఆ హాలు జనం 126.4 డెసిబెల్స్ అరిచి గిన్నిస్‌కెక్కారు. చుట్టం ఇంటికెళ్ళి ఆ రికార్డు చూసి ఊరుకుంటామా? పెళ్ళికి పక్కింటివాళ్ళు రెండు మైకులు పెడితే నాలుగు పెట్టే జాతి మాది, ఆ పౌరుషం మాకు బాగా అర్థమైంది. ఆ రోజు వెస్ట్ వర్జీనియా మ్యాచికి 130.4 కొట్టారు. మొదట్లో గొంతు చించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ ఆట సాగలేదు. మూడు నిమిషాలు కూడా లేవు, 64-50. పద్నాలుగు వెనక. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ ఇంటర్వ్యూ. సురేష్‌తో, "పైన ఖాళీలున్నాయి, అక్కడికెళ్తా" అని అబద్ధమాడి బయటికొచ్చేశాను.

పార్కింగ్ గ్యారేజీ దాకా వచ్చానో లేదో, వెనకనుంచి మీరు ఒక్కసారి గర్జించారు. ఓడేవాళ్ళకి ఇంత గోలెందుకు అనుకున్నాను. ఇంకో రెండడుగులు. ఇంకో గర్జన. అక్కడ తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన, చేతిలో తాళాలు, ట్రక్కు తలుపు సగం తీసి ఆగిపోయి ఉన్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏమీ మాట్లాడకుండా రేడియో పెట్టాడు. రేడియోలో ఆట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ముందు మీ గోడల్లోంచి హోరు వచ్చేది, ఏదో అయిపోయిందని తెలిసేది, ఏమైందో తెలిసేది కాదు. ఇద్దరం రేడియో వంక చూస్తూ, తాళాల గుత్తి పిడికిట్లో బిగించి, ఆ కొన్ని సెకన్లూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. తర్వాత తాపీగా రేడియో చెప్పేది. 71-71. ఓవర్‌టైము. 84-80, గెలిచాం. జనం బయటికి రాకముందే పెద్దాయన ట్రక్కు తీశాడు, ఎవరైనా చూస్తారని కాబోలు. నేను స్తంభం వెనక నిలబడి, గుంపు వచ్చాక అందులో కలిసిపోయాను. సురేష్ వచ్చి కావిలించుకుని, "చూశావురా!" అన్నాడు. "చూశాన్రా" అన్నాను. మర్నాటి ఇంటర్వ్యూ కూడా పోయింది, మీకు సంతోషమేగా.

ఆ తర్వాత మీ గడప తొక్కలేదు. ఉద్యోగం ఓవర్లాండ్ పార్క్‌లోనే, కార్లో గంటలోపు దూరం. అయినా మొహం చెల్లలేదు. విల్ట్ చాంబర్లీన్ కథ చదివాకే కాస్త ధైర్యం వచ్చింది. 1957 కాలేజీల జాతీయ ఫైనల్లో నార్త్ కరోలినా చేతిలో 54-53తో, అదీ మూడు ఓవర్‌టైములాడి ఓడిపోయారు. తనవల్లే పోయిందని ఊరు తిట్టుకుంటుందన్న బెంగతో ఆ మహానుభావుడు దాదాపు 40 ఏళ్ళు మీకు మొహం చాటేశాడు. చివరికి 1998 జనవరిలో, కాలేజీనాటి జాకెట్టు తొడుక్కుని వస్తే, మీ కప్పు లేచిపోయేలా చప్పట్లు కొట్టారట. అంతటివాడు చివరిదాకా ఆడి ఓడి, అంత సిగ్గుపడితే, గెలిచే ఆటలోంచి పారిపోయినవాణ్ణి నేనెన్నేళ్ళు ఆగాలో మీరే చెప్పాలి. నా కాలేజీనాటి జాకెట్టు నాకిప్పుడు పట్టదు కూడా.

అయినా ఆగే వీల్లేదు. నాన్న, అమ్మతో కలిసి విజిటర్ వీసా మీద వచ్చారు. టికెట్లు కొన్నాను, పైవరసలో. కాగితాల సంగతి చెప్పినప్పటినుంచీ డైనింగ్ టేబుల్ మీద సూపర్‌మార్కెట్ పాంప్లెట్లు చింపుతూ కూర్చున్నారు. "మరీ పెద్దవైతే ఎగరవురా, ముందువాడి నెత్తిమీద పడతాయి. మరీ చిన్నవైతే కనపడవు. గోరుకంటే పెద్ద, అరచెయ్యికంటే చిన్న." అమ్మ చీపురు పట్టుకుని పక్కనే నిలబడింది.

ఒక్క భయముంది, అందుకే ఈ ఉత్తరం. చిన్నప్పుడు నాన్నతో ఎన్ని సినిమాలు చూశానో, ఒక్కదానికీ శుభం కార్డు చూడలేదు. క్లైమాక్సులో విలన్ ఇంకా బతికుండగానే లేచేవారు, సైకిల్ స్టాండ్ దగ్గర రద్దీ అని. నా జబ్బు ఎక్కడిదో మీకిప్పుడు తెలిసిపోయింది. నేను చెబితే వినరు. మీరు పెద్దవారు. ఆ చివరి మూడు నిమిషాలూ తమ్ముణ్ణి కాస్త కూర్చోబెట్టండి.

ఇట్లు,
తమ తమ్ముడి కొడుకు