మాత్రలు సరే, పగలంతా ఏం చేయాలి?

సర్కారు ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉన్న రోజు ఆ వరండాలో ఓ గంట కూర్చుంటే చాలు. చేతిలో క్యారియర్, ఒళ్లో మందుచీటీల కవరు పెట్టుకున్న తల్లులు, పక్కనే నేలచూపులు చూస్తూ పాతికేళ్ల కొడుకులు కనిపిస్తారు. కదిలిస్తే అందరిదీ ఇంచుమించు ఒకే మాట. ‘మాత్రలు ఏసుకుంటా ఉండాడు సార్. అరిచేది, కొట్టేది ఏమీ లేదిప్పుడు. కానీ పొద్దస్తమానం గోడకానుకోని అట్నే కూసోనుంటాడు.’ లోపల డాక్టరు దగ్గర వీళ్లకు దొరికేది అయిదారు నిమిషాలు. నిద్ర పడుతోందా, మాత్రలు మానలేదు కదా అని అడిగి, నెలకు సరిపడా రాసిచ్చేసరికి వెనకాల పేషెంటు తలుపు తోసుకుని వచ్చేస్తాడు. అందులో డాక్టరు తప్పేమీ లేదు, ఆ క్యూ అలాంటిది.

మనకు తెలిసిన మానసిక వైద్యం రెండు రకాలే. ఒకటి ఈ ఓపీ. రెండోది వార్డు, జనం నోట్లో చెప్పాలంటే ‘ఎర్రగడ్డ’. వెటకారానికి వాడే ఆ పేరుకు జడిసి ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు ఎందరో, అది వేరే సంగతి. ఈ రెంటికీ మధ్య ఉండాల్సింది డే హాస్పిటల్. పేషెంటు పొద్దున తొమ్మిదికి వస్తాడు, సాయంత్రం నాలుగుకు ఇంటికెళ్లి తన పక్క మీదే పడుకుంటాడు. వారంలో మూడు నుంచి అయిదు రోజులు, అలా కొన్ని వారాలు. తిరుపతి, చిత్తూరు జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వం ఇలాంటివి చెరొకటి పూర్తిస్థాయిలో నడపాలన్నది మా డిమాండ్.

అక్కడ రోజంతా ఏం చేస్తారని అడిగేవాళ్లుంటారు. మందులు అక్కడా ఉంటాయి, కాకపోతే చూసే తీరు వేరు. మనసు ఓసారి మితిమీరి ఉరకలేసి, ఓసారి కుంగే జబ్బు (బైపోలార్)కు లిథియం వాడేవాళ్లకు రక్తంలో దాని మోతాదు, కిడ్నీలు, థైరాయిడ్ చూస్తుండాలి. వేరే మందులకు లొంగని తీవ్ర మానసిక జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ మొదలుపెడితే తొలినాళ్లలో వారం వారం తెల్ల రక్తకణాల పరీక్ష తప్పదు. కొన్ని మాత్రలకు ఒళ్లు వస్తుంది, షుగర్ పెరుగుతుంది. రోజూ ఎదురుగా ఉండే నర్సుకు ఇవి పట్టుబడినట్టు నెలకోసారి చూసే ఓపీలో పట్టుబడవు. షాక్ ట్రీట్‌మెంట్ సైతం పొద్దున పరగడుపున ఇచ్చి, తెప్పరిల్లాక సాయంత్రం ఇంటికి పంపగలిగినదే. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అరుపులు, తోలు పట్టీలు ఇప్పటికీ సినిమాల్లో బతికున్నాయి గానీ, అసలు చికిత్స అలా ఉండదు.

మిగతాదంతా మాటతో, చేత్తో జరిగే వైద్యం. డిప్రెషన్‌లో ఉన్నవాడికి ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పడం దండగ. రేపు ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి టిఫిన్, తొమ్మిదింటికి బస్సు అని కాగితం మీద గీసిచ్చి, అందులో ఎన్ని చేశాడో మర్నాడు కూర్చుని చూస్తారు. మనసు బాగుపడ్డాక పని చేద్దామనుకుంటాం కదా, ఇక్కడ తిరగేసి పని మొదలుపెట్టించి మనసును దారికి తెస్తారు. ‘నా వల్ల ఇంటికి అరిష్టం’ అనుకునే అమ్మాయితో సైకాలజిస్టు వాదనకు దిగడు. దానికి నీ దగ్గరున్న రుజువేంటో చెప్పమ్మా అంటూ ఆ ఆలోచనను ఒక్కో పోగూ విప్పుతాడు. గ్రూపు థెరపీలో పది మంది గుండ్రంగా కూర్చుంటారు. ఎవరూ అనకుండానే తన చెవిలో మాటలు వినిపించినట్టే పక్కవాడికీ వినిపిస్తుంటాయని, తనొక్కడికే ఈ బాధ కాదని తెలిసిన రోజున ఆ మనిషి ముఖంలో వచ్చే మార్పు ఏ మాత్రతోనూ రాదు.

ఆక్యుపేషనల్ థెరపీ అనగానే కొవ్వొత్తులు, కవర్లు చేయించడమే గుర్తొస్తుంది మనకు. దానికి మించినది ఉంది. యాభై రూపాయల నోటు ఇచ్చి గేటు బయట బంకులో రెండు టీలు తెమ్మంటారు. వరసలో నిలబడాలి, ‘అన్నా, రెండు టీ’ అని నోరు తెరిచి అడగాలి, చిల్లర లెక్క చూసుకోవాలి, గ్లాసులు తొణక్కుండా తేవాలి. లేని మాటలు వినిపించే, మనిషిని పనికీ నలుగురికీ దూరం చేసే స్కిజోఫ్రీనియా జబ్బుతో ఏళ్లుగా ఇంట్లో ముడుచుకుపోయిన మనిషికి అది తిరుమల కొండ నడిచి ఎక్కినంత. మొదటి రోజు బంకు దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తాడు. నాలుగో రోజు టీ వస్తుంది, చిల్లర రాదు. పదో రోజు రెండూ వస్తాయి. ఇదే చికిత్స, దీన్ని ఇన్‌పేషెంటు వార్డు గోడల మధ్య నేర్పడం కుదరదు.

ఇంటివాళ్లకూ ఇక్కడ పని ఉంటుంది. తిట్లు, సూటిపోటి మాటలు ఎక్కువగా ఉన్న ఇంటికి వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగికి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్ పరిశోధకులు 1972లోనే చెప్పారు. ‘సోమరిపోతు, తిని పడుకుంటాడు’ అనే తండ్రికి, అది సోమరితనం కాదు, జబ్బులో ఒక భాగమని ఎవరో ఒకరు తీరుబడిగా చెప్పాలి. చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి కొత్త కాదు. 1957లో మొదలైన దాని మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. పేషెంటుతో పాటు ఇంటివాళ్లనూ ఉంచుకుని వైద్యం చేయడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. అది చూడటానికి మన అధికారులు విమానం ఎక్కనక్కర్లేదు, చిత్తూరు నుంచి గంట, గంటన్నర దారి.

అందరికీ డే హాస్పిటల్ సరిపోదు. తిండి మానేసినవాళ్లకు, ప్రాణం తీసుకుంటారేమోనన్న భయం ఉన్నవాళ్లకు, ఇంట్లో కనిపెట్టుకునేవాళ్లు లేనివాళ్లకు వార్డే కావాలి. తగినవారిని ఎంచుకుంటే మాత్రం ఫలితం వార్డుకు తీసిపోదని పరిశోధనలన్నీ వడగట్టిన కాక్రేన్ సమీక్ష 2011లో తేల్చింది. ఈ పద్ధతి మొదలైంది కూడా మంచాల కొరతతోనే, 1933లో మాస్కోలో. మన ప్రాంతానికి ఇలాంటి అనుభవం ఒకటి ఉంది. క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో నెలల తరబడి ఉండాల్సిన కాలం ఒకటుండేది. ఇంటి దగ్గర మందులు వాడినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం రుజువు చేశాక లోకమంతా పద్ధతి మార్చుకుంది.

చట్టానికి కొదవ లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది, ఊళ్లోనే పునరావాస సేవలు ఇవ్వమంది, గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ఒంటి జబ్బుకు ఇచ్చినట్టే మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలంది. తిరకాసు ఇక్కడే ఉంది. బీమా పాలసీ సాధారణంగా 24 గంటలు మంచం మీదుంటేనే దాన్ని ఆసుపత్రిలో చేరడం అంటుంది. శుక్లాల ఆపరేషన్‌కు ఆ నిబంధనలో మినహాయింపు ఉంది. మరి రోజుకు ఏడు గంటల చొప్పున ఆరు వారాలు వచ్చిన మానసిక రోగిని ఏమనాలి? ఇలా బిల్లు కోసం మంచం ఎక్కించే పద్ధతి ఉన్నంత కాలం ప్రైవేటు ఆసుపత్రులు డే హాస్పిటల్ వైపు ఎందుకు చూస్తాయి? ప్రభుత్వ ఆరోగ్య పథకాలైనా ముందు ఈ వైద్యానికి రోజు లెక్కన ప్యాకేజీ పెట్టాలి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అందులో ఎక్కువ మందికి వైద్యమే అందడం లేదు. వెంకన్న పేరు మీద ఎముకలకు బర్డ్ ఆసుపత్రి వచ్చింది, పసిపిల్లల గుండెకు పద్మావతి హృదయాలయం వచ్చింది. మనసు సంగతి టీటీడీ ఇప్పుడైనా తలకెత్తుకుంటే కాదనేవారెవరు? స్కానింగ్ మిషన్లు అక్కర్లేని వైద్యమిది. నాలుగు గాలి వచ్చే గదులు, సైకాలజిస్టు, సోషల్ వర్కర్, ఆక్యుపేషనల్ థెరపిస్టు, శిక్షణ ఉన్న నర్సులు కావాలి. ఈ పోస్టులు కాగితం మీద మంజూరై ఖాళీగా పడి ఉంటే మాత్రం గదులకు సున్నం వేసి ఉపయోగం లేదు.

మధ్యాహ్నం భోజనం, బస్సు చార్జీ కూడా బడ్జెట్‌లోనే చూపించాలి. కూలి మానుకుని వెంట వచ్చే తల్లికి వారానికి నాలుగు రోజుల చార్జీ అంటే చిన్న మాట కాదు, రెండో వారానికే రావడం మానేస్తుంది. చిత్తూరు కేంద్రం వేళలు ఆర్టీసీ డిపోతో మాట్లాడి పెట్టాలి. నాలుగింటికి వదిలితేనే పలమనేరు అవతల పల్లెల వాళ్లు చీకటి పడకముందు ఇల్లు చేరతారు.