కాలు కాలిన పిల్లీ, కొవ్వొత్తీ

చీకటి త్వరగా పడే నెలలు వచ్చాయంటే చాలు, ఒక రకం ఫొటోలు మొదలవుతాయి. మసక వెలుతురులో మంచం, దాని మీద తెరిచిన పుస్తకం, పక్కన గ్లాసులో వెలుగుతున్న కొవ్వొత్తి. కింద ‘ప్రశాంతత’ అని ఒక ముక్క. ఆ ఫొటో కుదరడానికి ఎన్నిసార్లు లైట్లు ఆర్పి వేశారో అడక్కండి. నా కోపం కొవ్వొత్తి మీద కాదు. ప్రశాంతత డబ్బాలో దొరుకుతుందని, మూత తీసి వాసన చూస్తే చాలని నమ్మిస్తున్నారే, దాని మీద.

నాకు ఈ నెలలు పడవు. పగలు ఇలా వచ్చి అలా పోతుంది, సాయంత్రం మాత్రం ఎంతకీ తెమలదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం, ఫోన్ తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. ధ్యానం చేయమన్నారు. శ్వాస మీద మనసు పెట్టి కూర్చుంటే పదో శ్వాసకల్లా కట్టని బిల్లు గుర్తొచ్చేది. ఊరికే కూర్చోవడం అందరికీ రాదండీ! చేతిలో పని లేకపోతే బుర్ర ఊరుకోని జాతి ఒకటి ఉంది. నాది అదే.

ఆ తిరుగుడు నాకే విసుగొచ్చి ఒక చలికాలం కిలో సోయా మైనం, నూలు వత్తులు, ఒక థర్మామీటర్ తెచ్చుకున్నాను. పొయ్యి మీద నీళ్ల గిన్నె, అందులో మైనం గిన్నె. అరగంట పని అనుకున్నా. కరిగీ కరగగానే గ్లాసులో పోసేసి, ఎంతకీ గట్టిపడటం లేదని ఫ్రిజ్‌లో పెట్టేశాను. పొద్దున చూస్తే పైనంతా పగుళ్లు, వత్తి చుట్టూ గుంట. వెలిగిస్తే ఇంకో ముచ్చట. గ్లాసేమో వెడల్పు, వత్తేమో సన్నం. మంట నడిమధ్యన బావి తవ్వుకుంటూ కిందికి దిగిపోయింది, అంచున ఉన్న మైనం అలాగే ఉంది. చివరికి ఆ బావిలోనే మునిగి ఆరిపోయింది.

ఆలస్యం అమృతం విషం అంటారు కదా, మైనం దగ్గర ఆ సామెత తలకిందులు. ఇప్పుడు 80 డిగ్రీలకు వచ్చాక దింపుతాను, 60కి దిగేదాకా ఆగి పోస్తాను. ఈ ఆగడం ఉంది చూశారూ, నాకు పనికొచ్చింది అదే. మైనాన్ని పొయ్యి మీద వదిలేసి పక్క గదిలోకి పోవడానికి లేదు. మరీ వేడెక్కితే నూనెలాగే అంటుకుంటుంది (అప్పుడు నీళ్లు మాత్రం పోయకండి, పొయ్యి కట్టేసి గిన్నె మీద మూత పెట్టండి). ఫోన్ మోగినా తీయలేను, చేతులంతా జిడ్డు. పోశాక గ్లాసు అడుగుదాకా తేటగా కనిపిస్తుంది. కాసేపటికి గాజు గోడ దగ్గర సన్నటి తెలుపు మొదలై, చాలా నెమ్మదిగా వత్తి వైపు నడుస్తుంది. అది కదలడం కనిపించదు. చూపు తిప్పి మళ్లీ చూస్తే మాత్రం ఇంకాస్త ముందుకొచ్చి ఉంటుంది. ఇంత తక్కువ జరిగే దాన్ని అంతసేపు చూడగలనని నాకే తెలీదు.

వెలిగించడమూ ఓపిక పనే. మొదటిసారి వెలిగించినప్పుడు మైనం అంచుదాకా కరగాలి, లేకపోతే మళ్లీ బావే. అంగుళం వెడల్పుకు సుమారు గంట లెక్క. మూడంగుళాల గ్లాసయితే మూడు గంటలు ఇంట్లో ఉండి తీరాలి. పది నిమిషాలు వెలిగించి ఫొటో తీసి ఆర్పేసేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అలాగని కొవ్వొత్తిని మరీ నెత్తికెత్తుకోను. కొవ్వు, వత్తి కలిసిన మాట అది. ఒకప్పుడు పశువుల కొవ్వుతోనే చేసేవారు, పొగ, కంపు. 19వ శతాబ్దంలో స్టియరిన్ (కొవ్వును శుద్ధి చేసి తీసేది), పారఫిన్ (పెట్రోలియం మైనం) వచ్చాక ముడి కొవ్వు పక్కకు తప్పుకుంది, పేరు మాత్రం ఉండిపోయింది. ఆ కంపు వెలుతురులో రాత్రిళ్లు బట్టలు కుట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లి ‘ప్రశాంతంగా ఉందా?’ అని అడిగితే సూది గుచ్చేవాళ్లు. స్విచ్ నొక్కితే చీకటి పోతుందని తెలిసినవాళ్లకే ఈ సరదాలన్నీ. నాతో సహా.

అయినా మంటను చూస్తూ కూర్చోవడంలో ఏదో ఉంది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860-61 చలికాలంలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు, ఆరూ కొవ్వొత్తి మీదే. అందులో ఆయన చేసి చూపించినది ఒకటి నాకు భలే ఇష్టం. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పితే వత్తి నుంచి తెల్లటి పోగు లేస్తుంది. మనం పొగ అనుకునేది ఆవిరైన మైనమే, మంటగా మండేదీ ఎక్కువగా అదే. వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలకుండా రెండు వేళ్ల ఎత్తున ఆ పోగుకు అందిస్తే, మంట దాన్ని పట్టుకుని కిందికి దూకి వత్తిని అందుకుంటుంది. కిటికీలోంచి గాలి వస్తే కుదరదు. గట్టిగా ఊపిరి వదిలినా కుదరదు.

నిన్న రాత్రి ఏడుసార్లు ఆర్పాను, నాలుగుసార్లు దూకింది. తల తిప్పి చూస్తే పదకొండు దాటింది. ఫోన్ ఎక్కడ పెట్టానో పొద్దున వెతుక్కోవాల్సి వచ్చింది.